కుడికి గీస్తే ఎడమకు పోయిన పెన్ను

నాకు కంప్యూటరు వచ్చా అని అడిగితే రాదనే చెబుతాను. నా పేరు రాసుకోగలను, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవగలను, అంతే. ఈ నాలుగు ముక్కలు కూడా నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. అయినా విజయవాడలో ఒక డిజైన్ కేంద్రంలో పన్నెండేళ్ళు కంప్యూటరు ముందు కూర్చుని జీతం తీసుకున్నాను, దండ వేయించుకుని రిటైరయ్యాను. దండ వేసిన రోజున మైకులో నా గురించి చాలా చెప్పారు. ఆ ఉద్యోగం నాకు ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. తెలిసినవాళ్ళు చెప్పరు, మైకు పట్టుకున్నవాళ్ళకు తెలియదు. కొత్తగా పనుల్లో చేరుతున్న ఆడపిల్లలు కదా మీరు, మీకు చెబుతాను. గొప్పగా ఏమీ ఉండదు, ముందే చెబుతున్నాను.

మాది పెడన వైపు పల్లె. మా ఆయన కలంకారీ అచ్చులు చెక్కేవాడు. అచ్చు పనిలో ఒక సంగతి ఉంది. గుడ్డ మీద చిలక కుడివైపు చూడాలంటే చెక్క మీద అది ఎడమవైపు చూడాలి. అందుకని బొమ్మను కాగితం మీద గీసి, కాగితం తిరగేసి చెక్కకు అంటించి, ఆ గీతల వెంట చెక్కుతారు. మా ఇంట్లో అంత తతంగం లేదు. ఆయన టేకు చెక్కకు సుద్ద పూసి నా ముందు పడేసేవాడు. నేను బొమ్మను తిరగేసే గీసేదాన్ని. చిలకైనా, మామిడి పిందైనా, తీగైనా నా చేతికి ఎడమే కుడి, కుడే ఎడమ. పదిహేడేళ్ళు అలాగే గీశాను.

ఆయన పోయాక గీసేదాన్ని నేను మిగిలాను గాని చెక్కే చెయ్యి లేదు. అద్దకం షెడ్డులో ఉతుకుడు పనికి వెళ్ళాను. అద్దిన గుడ్డను పారే నీళ్ళలోనే ఉతకాలి. పొద్దున్నే మోకాలి లోతు కాలవలో దిగితే మధ్యాహ్నానికి గాని గట్టెక్కేది లేదు. కాలి వేళ్ళ సందులు తెల్లగా నాని, పాచి, తోలు ఊడి వచ్చేది. మూడేళ్ళు చేశాను. ఆ పనిని తక్కువ చేయడం లేదు, ఇప్పటికీ చేసేవాళ్ళున్నారు. నేను మాత్రం మళ్ళీ ఆ కాలవలో దిగకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఇక్కడినుంచి నేను చేసిన ప్రతి పనికీ, చేయని ప్రతి పనికీ ఆ ఒట్టే కారణం.

తెలిసినవాళ్ళు చెబితే విజయవాడ వచ్చి, వన్‌టౌన్‌లో ఒక మేడమీద నడిచే డిజైన్ కేంద్రంలో ఊడ్చే పనికి చేరాను. రోజు కూలి. నేతవాళ్ళకూ అద్దకంవాళ్ళకూ కొత్త డిజైన్లు తయారుచేసి ఇచ్చే కేంద్రం అది. నేను చేరేటప్పటికి అక్కడ తయారయ్యేవి రిజిస్టర్లు. మేనేజరు గారికి రిజిస్టరంటే ప్రాణం. మంచినీళ్ళ కుండ నింపినా అందులో రాయాలి. ఒకసారి ఫ్యాను చెడిపోతే బాగుచేయించడానికి బదులు "ఫ్యాను తిరుగుట లేదు, ప్రస్తుతము చలికాలము" అని రాసి సంతకం పెట్టారు. వేసవి వచ్చేదాకా ఆ వాక్యంతోనే గడిచింది.

రెండో మనిషి కంప్యూటరు మాస్టారు. హనుమాన్ జంక్షన్ నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. ముప్పై ఏళ్ళుంటాయి, మంచివాడు, నన్ను పిన్నిగారూ అని పిలిచేవాడు. తెలియదు అనే మాట మాత్రం ఆయన నోట వచ్చేది కాదు. తెలియని చోటల్లా "డ్రైవర్ ప్రాబ్లమ్ అండీ" అనేవాడు. కంప్యూటరుకూ, దానికి తగిలించే సామానుకూ మధ్య దుబాసీ పని చేసేదాన్ని డ్రైవరంటారని నాకు ఆయనే చెప్పాడు. కేంద్రానికి ఒక లాప్‌టాప్ ఉండేది. అందులో లైనక్స్ వేశారు. దొంగ కాపీలు వాడరాదని పైనుంచి కాగితం వచ్చింది, ఇది ఉచితంగా దొరుకుతుంది, అందుకని. మాస్టారు మాత్రం దాన్ని తన సొంత పిల్లాడిలా పొగిడేవాడు.

"దీనికి వైరస్ రాదండీ!" అనేవాడు.

"ప్రింటరు కూడా రాలేదుగా," అనేవారు మేనేజరు గారు. "మూడు నెలలు పట్టింది."

అలాంటి లాప్‌టాప్‌కు పై ఆఫీసువాళ్ళు ఒక పలక పంపారు. నల్లటి అట్టలా ఉంటుంది, దానికో వైరు, ఒక పెన్ను. పలక మీద పెన్నుతో గీస్తే గీత కంప్యూటరు తెర మీద పడాలి. నేత మనిషి, అద్దకం మనిషి ఎవరైనా వచ్చి చేత్తో గీసుకోవచ్చునట. మంచి ఆలోచనే. తగిలించారు. ఏమీ కదల్లేదు.

"డ్రైవర్ ప్రాబ్లమ్ అండీ."

పదిహేను రోజులు మాస్టారు ఇంటర్‌నెట్ సెంటరుకు తిరిగి ఏవేవో పట్టుకొచ్చాడు. తెర మీది బాణం గుర్తు కదిలింది, కాకపోతే దీపం వేసినప్పుడు బొద్దింక పరిగెత్తినట్టు పరిగెత్తింది. ఇంకో వారానికి అది నెమ్మదించింది. అయితే ఒకరోజు పనిచేసేది, ఒకరోజు చేసేది కాదు. మాస్టారు గడ్డం గీసుకోవడం మానేశాడు. ఆ చిక్కు విప్పింది నేనే, చీపురుతో. బల్ల కింద ఊడ్చేటప్పుడు వైరు అడ్డమని పీకి, ఊడ్చాక మళ్ళీ పెట్టేదాన్ని. నేను పీకిన రోజున పలక పనిచేయడం లేదు, పీకని రోజున చేస్తోంది. పైగా ఎడమ పక్క బెజ్జంలో పెడితేనే చేస్తోంది.

"మాస్టారూ, ముందు వైరు పెట్టి తరువాత కంప్యూటరు వేసి చూడండి. ఎడమ బెజ్జంలో," అన్నాను.

ఆయన నవ్వాడు. నేను కిందికి వెళ్ళాక పెట్టి చూశాడు. మర్నాడు రిజిస్టరులో "సుదీర్ఘ పరిశోధన అనంతరము కనుగొనబడినది" అని ఎక్కింది. చీపురు ప్రస్తావన లేదు.

ఇక మిగిలింది ఒక్కటే. పలకంతా గీసినా గీత తెరలో ఒక మూలనే ముడుచుకుని ఉండేది. పలక అంచులు ఎక్కడున్నాయో కంప్యూటరుకు అంకెల్లో చెప్పాలట, ఆ అంకెలు ఒక ఫైల్లో ఉంటాయట. మాస్టారు ఆ అంకెలు మార్చడం, కంప్యూటరు ఆర్పి వేయడం, మళ్ళీ మార్చడం. నాలుగు రోజుల తరువాత "వచ్చేసింది!" అని అరిచాడు. మేనేజరు గారు కుర్చీ లోంచి లేచారు. మాస్టారు పలక వంకే చూస్తూ మధ్యలో ఒక గుండ్రం గీసి, తలెత్తి చూశాడు. తెర మీద గుండ్రం ఉంది. మేనేజరు గారు కూడా పెన్ను పట్టుకుని పైనుంచి కిందికి ఒక నిలువు గీత గీశారు. నిలువు గీతే వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. "పెన్ పలక సంపూర్ణముగా పనిచేయుచున్నది" అని రాసి ఇద్దరూ సంతకాలు చేశారు. ఆ తరువాత వాళ్ళిద్దరిలో ఎవరూ ఆ పెన్ను ముట్టుకోలేదు. ఇద్దరికీ బొమ్మ గీయడం రాదు.

"ఏమ్మా, నువ్వు అచ్చులకు గీసేదానివటగా. కూర్చో," అన్నారు మేనేజరు గారు.

చీపురు గోడకు ఆనించి కూర్చున్నాను. చిలకతో మొదలుపెట్టాను. ముక్కు కుడికి లాగితే గీత ఎడమకు పోయింది. ఇంకోసారి లాగాను, మళ్ళీ ఎడమకే. చెక్క మీద గీసినట్టే ఉంది! నా ప్రాణం లేచి వచ్చింది. బొమ్మను మనసులో తిరగేసి గీశాను. పావుగంటలో చిలక, కొమ్మ, కొమ్మకు రెండు కాయలు. తెర మీద చక్కగా కుడివైపు చూస్తోంది చిలక. ఇది జబ్బని నాకేం తెలుసు? నేను చూసిన మొదటి పలక అది. కంప్యూటరు చేసినవాళ్ళు కూడా అచ్చు పనివాళ్ళేనని అనుకున్నాను. మన పని తెలిసినవాళ్ళు ఎవరో చేశారని గర్వపడ్డాను కూడా. మాస్టారికి కళ్ళు చెమర్చాయి. నా చిలకను చూసి కాదు, తన డ్రైవరును చూసి.

రెండు నెలలకు శిక్షణ పెట్టారు. పది రోజులు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎనిమిది మంది ఆడవాళ్ళు వచ్చారు, అందరూ మగ్గం మీద పనిచేసేవాళ్ళు. వాళ్ళతో పాటు నా పేరూ రాశారు. వాళ్ళలో పెడన నుంచి వచ్చిన నేత మనిషి ఒకతె ఉంది. నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది. చీర అంచును గళ్ళ కాగితం మీద లెక్క తప్పకుండా గీస్తుంది, చూసి నేర్చుకోవాల్సిన చెయ్యి. మొదటి రోజు పెన్ను పట్టుకుంది. గీత ఎదురు తిరిగింది. మళ్ళీ పట్టుకుంది. చెమటలు పట్టాయి.

"ఏంటండీ ఇది? కుడికంటే ఎడమకు పోద్ది!" అంది.

"మీ చేతికీ కంటికీ పొంతన కుదరాలమ్మా. దాన్ని కోఆర్డినేషన్ అంటారు," అన్నాడు మాస్టారు.

"ముప్పై ఏళ్ళొచ్చినయ్యండీ నాకు. ఇన్నాళ్ళూ కుదిరిందిగా? మగ్గంలో నాడె విసిరితే ఎటు పొమ్మంటే అటే పోద్ది. ఇదే మాట వినదు."

"మగ్గం వేరు, టెక్నాలజీ వేరు. ఆవిడను చూడండి, ఎలా గీస్తోందో," అని నన్ను చూపించాడు.

నన్ను చూశారు ఎనిమిది మందీ. నేను గీసి చూపించాను. "బొమ్మను తిరగేసి అనుకోండమ్మా, వచ్చేస్తది," అన్నాను, నాకు వచ్చు కదా. రెండో రోజు, మూడో రోజు అదే వరస. ఒకామె ఏడ్చింది. ఇంకొకామె పెన్ను మీద ఒట్టేసి ఇంటికి పోతానంది. మేనేజరు గారు హాజరు పట్టీలో ప్రతి పేరు పక్కనా "ఆసక్తి కలదు, నైపుణ్యము లేదు" అని రాసుకుంటూ పోయారు. నా పేరు పక్కన "అసాధారణ నైపుణ్యము".

నాలుగో రోజు పొద్దున బల్ల తుడుస్తుంటే మౌసుకు నా చెయ్యి తగిలింది. అప్పటిదాకా నేను మౌసు పట్టుకోలేదు, తెరవడం మూయడం అంతా మాస్టారే చేసేవాడు. చెయ్యి కుడికి జరిగింది. బాణం కుడికే జరిగింది. గుడ్డ అక్కడే వదిలేసి మౌసును ఎడమకు లాగాను. ఎడమకే. పెన్ను తీసి కుడికి లాగాను. ఎడమకు. అలాగే నిలబడిపోయాను.

మాస్టారు రాగానే చెప్పాను. "మాస్టారూ, మౌసేమో చెయ్యి ఎటు పోతే అటే పోతోంది. పెన్నేమో ఎదురు పోతోంది. పెన్నుకే ఏదో జబ్బుందండీ."

"పిన్నిగారూ, మౌసు డ్రైవర్ వేరు, పెన్ను డ్రైవర్ వేరు. అదంతా లోపలి సంగతి, మీకర్థం కాదు. మీకు బాగానే వస్తోందిగా?"

వస్తోందన్నాను. అదే రోజు మధ్యాహ్నం మేనేజరు గారు నన్ను గదిలోకి పిలిచారు. శిక్షణలో ముందున్న ఒక్కరిని డిజైనరుగా పర్మినెంటు చేస్తారట. వచ్చే నెల కమిటీ వచ్చి చూస్తుందట. "మన కేంద్రం మనిషివి నువ్వే అయితే నాకూ బావుంటుంది. లేకపోతే ఈ ఊడ్చే పని కూడా మార్చి నెల దాకానే, కొత్త కాంట్రాక్టరు వస్తున్నాడు," అన్నారు.

బయటికి వచ్చాను. నా కాళ్ళ వంక చూసుకున్నాను. ఆ తరువాత ఆరు రోజులు మాస్టారికి ఆ సంగతి రెండోసారి చెప్పలేదు. అమ్మాయిలూ, ఇక్కడ నన్ను నేను వెనకేసుకు రావడానికి చాలా మాటలున్నాయి. ఒకసారి చెప్పానుగా, వినలేదుగా, చదువు లేనిదాన్నిగా. అవన్నీ అప్పుడే వాడేసుకున్నాను, ఇప్పుడు మిగల్లేదు. ఎనిమిది మంది తమకు బుర్ర లేదనుకుంటూ మెట్లు దిగి వెళ్ళారు. వాళ్ళకు రాకపోతేనే నాకు ఉద్యోగం. చూస్తూ ఊరుకున్నాను.

కమిటీ వచ్చిన రోజున కేంద్రానికి సున్నం వేశారు. ఫ్యాను కూడా తిరిగింది. ముగ్గురొచ్చారు. ఇద్దరు ఫైళ్ళు పట్టుకునేవాళ్ళు, ఒకాయన పెద్దాయన. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ కూర్చున్నారు. మేనేజరు గారు రిజిస్టరు చదివి వినిపించారు. ఈ పలక ఇంత బాగా పనిచేస్తున్నందున ఇలాంటివి ఇంకా నలభై కొనవచ్చునని అందులో రాసుంది. నా చేత బొమ్మ గీయించాలని ఏర్పాటు. కానీ పెద్దాయనకు ముచ్చటేసింది.

"ముందు నేను సంతకం పెడతానయ్యా. ప్రారంభోత్సవంలా ఉంటుంది," అన్నారు.

ఫొటో తీసేవాణ్ణి దగ్గరికి పిలిచారు. పెద్దాయన ఫొటోకు మొహం ఇటు పెట్టి, చూడకుండానే ముప్పై ఏళ్ళ సర్వీసు సంతకం ఒక్క ఊపులో పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. కొడుతూ కొడుతూ ఆపేశారు. తెర మీద సంతకం అద్దంలో చూసినట్టు వెనక్కి తిరిగి ఉంది.

"ఇదేంటయ్యా?"

"అలవాటు లేక సార్. కొత్తవాళ్ళకు మొదట్లో అలాగే..." అన్నారు మేనేజరు గారు.

"సంతకం అలవాటు లేదా నాకు?" అని మళ్ళీ పెట్టారు, ఈసారి తెర చూస్తూ. చెయ్యి ఒక పక్కకు, గీత ఇంకో పక్కకు. సంతకం మధ్యలోనే తప్పిపోయింది.

"డ్రైవర్..." అని మొదలుపెట్టి మాస్టారు ఆగిపోయాడు. సంపూర్ణముగా అని రాసిన కాగితం మీద ఆయన సంతకం కూడా ఉంది మరి. మేనేజరు గారు చేతికందింది పట్టుకున్నారు, హాజరు పట్టీ. "ఇది అందరికీ వచ్చేది కాదు సార్. ఎనిమిది మందికి నేర్పితే ఒక్కరికీ రాలేదు. ఇదిగో, నైపుణ్యము లేదు, నైపుణ్యము లేదు..."

"అంటే తొమ్మిదోవాణ్ణి నేనా?"

మేనేజరు గారి చెయ్యి కలం కోసం వెదుకుతోంది, అలవాటు కొద్దీ. నాకు నవ్వు రావాలి, రాలేదు. ఆయన ఆ ఎనిమిది పేర్లూ మళ్ళీ చదువుతున్నారు. పెడన మనిషి పేరు దగ్గరికి వచ్చేసరికి నోరు నా మాట వినలేదు.

"పెన్నుకే జబ్బుందండీ. కుడికి పోతే ఎడమకు పోద్ది. వాళ్ళకు రాకపోవడం కాదండీ."

పెద్దాయన నా వైపు తిరిగారు. "ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి రోజు నుంచీ."

"మరి నీకెలా వచ్చింది?"

"అచ్చులకు తిరగేసి గీసిన చెయ్యండీ నాది."

"తెలిసి ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఒకసారి చెప్పానండీ. రెండోసారి చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోద్దని."

మాస్టారు అప్పటికే ఫైలు తెరిచాడు. రెండు నిమిషాలు పట్టింది. పలకకు ఎడమ అంచు అంకె కుడికి, కుడి అంచు అంకె ఎడమకు రాశాడట. అవి మార్చి, కంప్యూటరు ఆర్పి వేసి ఇచ్చాడు. పెద్దాయన సంతకం పెట్టారు. బ్రహ్మాండంగా వచ్చింది. మొహం విప్పారింది. "ఇప్పుడు నువ్వు గీయమ్మా," అన్నారు.

కూర్చున్నాను. చిలకే. ముక్కు తోకలోకి వెళ్ళింది. రెక్క కొమ్మను వదిలి గాల్లో మొలిచింది. చెరిపి మళ్ళీ గీశాను, ఈసారి చిలక కూడా కాలేదు. మూడు నెలలు తిరగబడిన పెన్నుతో రోజూ గీసిన చెయ్యి, అంతకు ముందు పదిహేడేళ్ళు చెక్క మీద గీసిన చెయ్యి, తిన్నగా పోయే గీతను చూసి బెదిరిపోయింది. అసాధారణ నైపుణ్యము అందరి ముందూ పావుగంట అలా నవ్వులపాలైంది. లేచి వెళ్ళి చీపురు పక్కన నిలబడ్డాను. అయిపోయింది, ఇక కాలవే అనుకున్నాను.

అక్కడ మేనేజరు గారి గొప్పతనం మీరు చూడాలి. భోజనాల దగ్గర పెద్దాయనకు రెండోసారి పెరుగు వడ్డిస్తూ మెల్లగా అన్నారు: "సార్, లోపము అని రాస్తే విచారణ వేయాలి. విచారణకు మళ్ళీ తమరే రావాలి. మెట్లున్నాయి. సౌకర్యము అని రాస్తే..."

పెద్దాయన పెరుగన్నం కలుపుతూ ఆలోచించారు. "ఏం సౌకర్యం?"

"అచ్చు పనివాళ్ళ కోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన ఎదురు గీత సౌకర్యము సార్. దానికి తగిన నిపుణురాలు కూడా మన దగ్గరే ఉంది."

అలా రాసేశారు, మాస్టారి చేత పెన్నును మళ్ళీ తిరగేయించారు. అచ్చు పని తెలిసిన పసిబిడ్డ కూడా దాన్ని చదివి నవ్వుతుంది. అచ్చుకు కావలసింది తిరగబడిన బొమ్మ. నేను తిరగేసి గీస్తుంటే ఆ పెన్ను దాన్ని మళ్ళీ తిన్నగా చేసి పెడుతోంది. అంటే రెండుసార్లు తిరిగి మొదటికే వచ్చాం. పైగా బొమ్మను తిరగేయాలంటే కంప్యూటరులో ఒక్క మీట నొక్కితే చాలునట, మాస్టారికి తెలుసు. అది మాత్రం ఎక్కడా అనవద్దన్నారు మేనేజరు గారు. పై ఆఫీసులో ఆ ఫైలు చదివినవాళ్ళెవరూ ఎప్పుడూ అచ్చు పట్టుకోలేదు కాబట్టి మెచ్చుకుంటూ జవాబు వచ్చింది. దానితోపాటు నా పేరు మీద పర్మినెంటు ఆర్డరూ వచ్చింది.

"వాళ్ళ పేర్ల పక్కన రాసింది కొట్టేయండి సార్, అప్పుడు సంతకం పెడతాను," అన్నాను మేనేజరు గారితో.

"రిజిస్టరులో కొట్టివేతలు కుదరవమ్మా. పైగా వాళ్ళకు నైపుణ్యం ఉందంటే పెన్నుకు లోపం ఉన్నట్టు. లోపం ఉందంటే నీ పోస్టు లేనట్టు. నువ్వే ఆలోచించుకో. సోమవారం దాకా టైముంది."

ఆదివారం బందరు పాసింజరెక్కి పెడనలో దిగాను. ఆ నేత మనిషి ఇంట్లో గుంట మగ్గం మీద కూర్చుని ఉంది. వాకిట్లో నన్ను చూసి కూడా నాడె ఆపలేదు. గుమ్మంలో నిలబడే చెప్పాను.

"పెన్నుకే జబ్బు. నీకు కాదు."

"తెలుసు," అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"నాలుగో రోజు. నువ్వు మౌసు మీద చెయ్యేసి బొమ్మలా నిలబడిపోయావు చూడు, నేను గుమ్మంలోనే ఉన్నా. నువ్వటు పోయాక నేనూ లాగి చూశా. చెబుతావేమోనని చూశానక్కా. పదో రోజు దాకా చూశా."

"మరి నువ్వే చెప్పొచ్చుగా వాళ్ళకి!"

నాడె ఆపింది. "నా పేరు పక్కన నైపుణ్యం లేదని రాసేశారుగా. నేను చెబితే ఎవడు వింటాడు? నువ్వు చెబితే వినేవాళ్ళు. నువ్వు బాగా గీసేదానివి."

గుమ్మంలోనే కూర్చుని ఆర్డరు సంగతి చెప్పాను. ఉద్యోగం వద్దని రాసిచ్చేయనా అని అడిగాను. నిజంగానే అడిగానో, వద్దనిపించుకోవడానికి అడిగానో నాకే తెలియదు.

"నువ్వు మళ్ళీ కాలవలో దిగితే నాకేం ఒరుగుద్ది?" అంది. "సంతకం పెట్టుకో. కానీ ఆ పెన్ను ఒక్కసారి బాగుచేయించి నా చేతికియ్యి. మౌసు లాగి చూసినా కూడా, ఏమో, నిజంగానే నాకు రాదేమోనని ఉంటది. అంచు కట్టేటప్పుడు చెయ్యి ఆగిపోతంది, ముందెప్పుడూ ఆగలా. నాకు వచ్చో రాదో నేను చూసుకోవాలి."

మర్నాడు సంతకం పెట్టాను. మంగళవారం ఆమెను రమ్మన్నాను. ఒంటిగంటకు మేనేజరు గారు భోజనానికి ఇంటికి వెళితే మూడింటికి గాని రారు. మాస్టారికి చెబితే కాదనలేదు. ఆ ఎనిమిది మందికి కోఆర్డినేషన్ గురించి పాఠం చెప్పింది ఆయనే కదా.

"సరిచేయడం రెండు నిమిషాలు పిన్నిగారూ. మళ్ళీ చెడగొట్టడమే జాగ్రత్తగా చెయ్యాలి. ఇప్పుడది స్టాకు రిజిస్టరులో ఎక్కిన సౌకర్యం," అన్నాడు.

ఆమె వచ్చింది, కూర్చుంది. పెన్ను పట్టుకుని కొంచెంసేపు ఏమీ గీయలేదు. తరువాత కుడికి ఒక చిన్న గీత లాగింది. అది కుడికే వెళ్ళింది. పైకి లాగింది, కిందికి లాగింది. ఇక ఆగలేదు. గుడి గోపురాల అంచు, దాని మీద పూలతీగ, మూలకు వచ్చేసరికి తీగ తెగకుండా మలుపు తిరిగి ఒక మామిడి పిందెలోకి పోయింది. మూల తిప్పడం ఎంత కష్టమో గీసేవాళ్ళకు తెలుస్తుంది. మాస్టారు ప్రింటు తీసి చేతికిచ్చాడు. ఆమె దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, అంచునంతా వేలితో తడుముతూ చూసుకుంది.

"వచ్చు," అంది. మాతో కాదు, తనతోనే.

"మేడమ్, రెండో బ్యాచ్ పెడుతున్నారు. అప్లై చేయండి, నేను చెబుతాను," అన్నాడు మాస్టారు. ఆయన ఎవరినైనా మేడమ్ అనడం నేను వినడం అదే మొదలు.

"ఎందుకండీ? ఇక్కడ నేర్చుకోవాల్సింది ఏముంది?" అంది. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. నా దగ్గరికి వచ్చి నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ చెయ్యి ఏం చెప్పిందో పన్నెండేళ్ళు ఆలోచించాను. క్షమించానని చెప్పి ఉంటుందని కొన్ని రోజులు, లేదని కొన్ని రోజులు.

మూడు కావస్తోంది. మాస్టారు ఫైలు తెరిచి, ఎడమ అంకెను కుడికి, కుడి అంకెను ఎడమకు రాసి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాడు. కింద మేనేజరు గారి స్కూటరు ఆగిన చప్పుడైంది. నేను పలక ముందు కూర్చుని, కుడికి పోవాల్సిన తీగను ఎడమకు లాగడం మొదలుపెట్టాను.